నా పేరు ఎవరిది?

2008 నవంబర్ 26న ముంబయి మీద దాడికి వచ్చినవాళ్లకు దొంగ గుర్తింపు కార్డులు ఇచ్చి పంపారు. అజ్మల్ కసబ్ కార్డు మీద పేరు సమీర్ చౌధరి. చదువు ఎక్కడ? హైదరాబాదు, దిల్‌సుఖ్‌నగర్‌లోని అరుణోదయ డిగ్రీ కాలేజీలో! ఆ కాలేజీకి ఈ సంగతే తెలియదు. తుకారాం ఓంబ్లే అనే పోలీసు తన ప్రాణం పోతున్నా పట్టు విడవలేదు కాబట్టి కసబ్ ప్రాణాలతో దొరికాడు. లేకపోతే ఆ కార్డులు చూసి జనం ఎవరిని అనుమానించేవారో! 166 మందిని చంపడమే కాక, ఏ పాపం తెలియని వాళ్ల పరువు కూడా తీసేవాళ్లు.

నన్ను ఇంకా ఎక్కువ ఆలోచనలో పడేసింది ఇంకో సంగతి. దాడి చేసేవాళ్లతో వాళ్ల పెద్దలు ఇంటర్నెట్ ఫోన్‌లో మాట్లాడారు. ఆ ఫోన్ ఖాతా కోసం దాడికి ఒకరోజు ముందు ఇటలీలోని బ్రెషా ఊరి నుంచి 229 డాలర్లు పంపారని అక్కడి పోలీసులు 2009లో చెప్పారు. అప్పటి లెక్కన సుమారు 11 వేల రూపాయలు. అంతే! ఆ డబ్బు పంపినట్టు రాసి ఉన్న మనిషి అసలు ఇటలీలో అడుగే పెట్టలేదట. అతని పేరును ఎవరో వాడుకున్నారు.

ఇక్కడ తప్పు ఎవరిది? పేరు పోగొట్టుకున్నవాడిది కాదు, అందులో నాకు అనుమానం లేదు. కానీ "నీ బ్యాంకు ఖాతా నెల రోజులు ఇయ్యి, కమిషన్ ఇస్తా" అంటే ఇచ్చేవాడి మాటేమిటి? "నాకేం తెల్వదు" అంటాడు. నిజమే, తెలియదు. అయితే నా ఉద్దేశంలో తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా ఉండడం వేరు. ఊరికే డబ్బు ఎవరిస్తారు అనే ప్రశ్న అతని మనసులో రాకుండా ఉండదు. వచ్చిన ప్రశ్నను కమిషన్ కోసం నొక్కేశాడు.

ఈ మాట బాపుతో అంటే ఆయన ఒప్పుకోలేదు. "పిల్లల ఫీజు కట్టాల్సినోడు అన్ని ప్రశ్నలు అడుగుతాడా బిడ్డా?" అన్నాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అవసరం ఉన్నవాడి తప్పు చిన్నదే కావచ్చు, కానీ బాంబుకు ఆ డబ్బు ఎవరి అవసరం నుంచి వచ్చిందో తెలియదు కదా.

మన నాయ్‌గావ్‌లో ఇంకో చిక్కు ఉంది. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆఫీసు కాగితాలేమో మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. చదవడం రాని పెద్దవాళ్లు ఫారం నింపేవాడి చేతికే ఆధార్ జిరాక్స్, వేలిముద్ర అన్నీ ఇచ్చేస్తారు. వాళ్లను "తెలుసుకోలేదు" అని ఎలా అంటాం? వాళ్ల పక్కన కూర్చుని చదివి చెప్పాల్సింది మూడు భాషలు నేర్చుకుంటున్న మనమే. మా నానమ్మకు అక్షరం రాదు. అయినా జిరాక్స్ ఇచ్చే ముందు, "ఇది దేనికి బిడ్డా? పని అయినంక కాయితం మళ్ల ఇస్తవా?" అని అడుగుతుంది. ఒక్కోసారి అవతలివాళ్లు విసుక్కుంటారు. ఆమె మాత్రం కాయితం చేతిలోనే పట్టుకుని, జవాబు వచ్చేదాకా నిలబడుతుంది.