కొండమీది కాఫీ

అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక సూచిక లభించినది. తిరువూరులో మాయింట గూడ ఉదయమున ఆ కాఫీయే పొగలు గ్రక్కుచుండును. దానిని త్రాగుచు, గిరిజనులు పోడు మాని బాగుపడిరని సంతోషించు మిత్రులు మాకు గలరు. ఆ బాగును నిర్ణయింపదగిన వారెవరు?

పోడు చేనిలో చోడి, సామ, కొర్ర, కంది కలిసి పెరుగును. ఒకటి పోయినను మరియొకటి చేతికి వచ్చును. కాఫీమొక్క సిల్వరు ఓకు నీడలో పెరిగి, మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు. వచ్చిన గింజతో కడుపు నిండదు. అరబికా ధర న్యూయార్కు విపణిలో కదలుచుండును. బ్రెజిలు తోటలకు మంచుదెబ్బ తగిలిన హెచ్చును, అచట పంట విరివియైన తగ్గును. పాడేరు రైతు తాను చూడని దేశపు వాతావరణమునకు లోబడినవాడయ్యెను. అయినను రొక్కము చేతికి వచ్చుట అల్పవిషయము కాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దళారుల నుండి వారిని కాపాడుటకే పుట్టినది. పూతనాడే మామిడితోటను అమ్ముకొను మా ప్రాంతపు రైతునకు దళారి పట్టు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

దూరస్థుల దయ గూడ ఒక్కొక్కప్పుడు కీడు చేయును. 1983లో ఐరోపా దేశములు జాలిగొని సీలుపిల్లల చర్మముల దిగుమతిని నిషేధించినవి. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ల వేటకు మినహాయింపు నిచ్చిరి. వారు వేటాడునదియు ముఖ్యముగా పెద్ద సీళ్లనే. కాని సీలు చర్మమనిననే కొనువారికి ఏవగింపు కలిగి, వారి బేరము కూలిపోయెను. వారి నెవ్వరు నడిగిరి?

మన మన్యమునను 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడును అట్లే అడుగక నిర్బంధించినది. 1922-24 నాటి మన్యపు తిరుగుబాటునకు ఆ కష్టము గూడ ఒక కారణము. కావున మార్పు మంచిదా చెడ్డదా యను విచారణకన్న, దానిని వలదనుటకు వారికి శక్తి గలదా యనునదే మాకు ముఖ్యముగ తోచుచున్నది. ఆ శక్తి భూమియందున్నది. గిరిజనుల భూమి ఇతరులకు పోరాదని 1970 నాటి నిబంధన శాసించినది. ప్రభుత్వము గూడ ఆ ప్రాంతపు భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు కౌలునకు ఈయరాదని 1997లో సమతా కేసున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. భూమి నిలిచినచో కాఫీతోటను తీసివేసి మరల చోడి చల్లుకొనవచ్చును. భూమి పోయినవానికి కూలి యొక్కటియే మిగులును.

పోడు మరల వచ్చిన అడవి యేమగునని యొక మిత్రుడడిగెను. అడుగవలసిన ప్రశ్నయే, మైదానముల అడవులను నరికి పొలములు చేసికొన్న మనము కొంచెము సిగ్గుపడుచు అడుగవలసిన ప్రశ్న. దానిని మన వాకిటగాక, మన్యపు గ్రామసభలలో అడుగవలెను. అడవిని కాపాడు అధికారమును 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆ సభలకే యిచ్చినది.