నిజం చెప్పినా బోధపడని వాక్యం

రేషన్ కార్డు దరఖాస్తు లాంటి ఆన్‌లైన్ ఫారం ఒకటి అనుకుందాం. పైన కుటుంబ పెద్ద వివరాలు, కింద సభ్యుల జాబితా. మూడో సభ్యుడి పేరు గడి ఖాళీగా వదిలి సబ్మిట్ నొక్కితే, లారావెల్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన ఆ ఫారం తన సొంత ఇంగ్లీషులో మందలిస్తుంది: 'ద మెంబర్స్.2.నేమ్ ఫీల్డ్ ఈజ్ రిక్వైర్డ్.' దాని లెక్క సున్నాతో మొదలు కాబట్టి దానికి 2 అంటే మూడోవాడు. చదివిన మనిషి మాత్రం రెండో సభ్యుడి దగ్గరికి వెళ్లి, అక్కడ పేరు నిక్షేపంగా ఉండటం చూసి తల పట్టుకుంటాడు.

యంత్రం అబద్ధమాడలేదు. మరి అది చెప్పింది ప్రమాణమేనా?

ఇలాంటి చిక్కు మన తార్కికులకు కొత్త కాదు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు, తర్కంలో అడుగుపెట్టే పిల్లల కోసం 'తర్కసంగ్రహం' రాశాడు. అది చాలదన్నట్టు దానికి 'దీపిక' అనే వ్యాఖ్యానమూ తానే రాసుకున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేవాడు ఆప్తుడు, ఆప్తుడి మాట శబ్ద ప్రమాణం అంటాడాయన. అంతటితో ఆగితే ఫారం గెలిచినట్టే. కానీ వాక్యం బోధపడాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని కూడా అన్నాడు. నిప్పుతో తడిపాడంటే యోగ్యత లేదు. జాముకొక పదం పలికితే సన్నిధి లేదు. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా అనేస్తే ఆకాంక్ష లేదు, ఒక పదం మరోదాన్ని కోరదు కనుక. 'మెంబర్స్', '2', 'నేమ్' ఈ మూడో బాపతు. మధ్యలో చుక్క అంటే 'లోపలి' అని ప్రోగ్రామర్‌కు తెలుసు. దరఖాస్తుదారుడికి ఆ బెడద దేనికి?

పదాల నుంచి వాక్యార్థం ఎలా పుడుతుందన్న దానిపై మీమాంసకుల తగవు ఇక్కడ ఇంకా పదునుగా పనికొస్తుంది. పదం ముందు తన అర్థం తాను చెబుతుంది, ఆ తర్వాతే అర్థాలు కలుస్తాయన్నది కుమారిల భట్టు పక్షం. ఇతర పదాలతో ముడిపడిన అర్థాన్నే పదం చెబుతుందన్నది ప్రభాకరుడి పక్షం. లారావెల్‌లో 'నేమ్' అంటే 'పేరు' అని గడుల పేర్ల జాబితాలో విడిగా రాసుకుంటే పైనున్న కుటుంబ పెద్ద గడికి సరిపోతుంది, సభ్యుల లోపలి గడిదాకా చేరదు. అక్కడికి 'మెంబర్స్.*.నేమ్' (చుక్క గుర్తు * అంటే ఏ సభ్యుడైనా) అని దారి మొత్తాన్నీ కలిపి పేరు పెట్టాల్సిందే. కుమారిలుడి అనుయాయులైన భాట్టులు ఈ పోలికకు ఒప్పుకుంటారో లేదో గానీ, ఫారం మటుకు ప్రభాకరుడి వైపే.

ఇక ఆ 2 తెచ్చే తికమకకు మందు: సందేశంలో ':పొజిషన్' అనే గుర్తు వాడితే లెక్క 1తో మొదలవుతుంది: '3వ సభ్యుడి పేరు రాయండి.' జాబితాలో జాబితా ఉంటే ':సెకండ్-పొజిషన్' కూడా ఉంది. అప్పుడు '3వ సభ్యుడి 2వ పత్రం నంబరు' అని చెప్పించవచ్చు.

ఇంకో మెట్టు ఎక్కి, అప్పటికే నింపిన వివరాలు చూసి, 'లక్ష్మి గారి పుట్టిన తేదీ రాయండి' అనిపించడమూ సాధ్యమే. పేరు గడే ఖాళీ అయితే మళ్లీ '3వ సభ్యుడు' అనక తప్పదు.