ఇల్లు విడుచువాడు ఏమి విడువవలెను?

చిత్తూరునుండి పలమనేరునకు పోవు రహదారి మా బంగారుపాళ్యమును తాకి, మొగిలి కనుమవైపు ఎక్కిపోవును. రాత్రివేళ మా ఇంటి అరుగుమీద కూర్చున్నవారికి బెంగుళూరు పోవు లారీల హోరు వినబడుచునే యుండును. చిన్ననాటినుండి ఆ చప్పుడు వినుచున్న నాకు ఆ దారి పరులది, ఈ అరుగు నాది అను భావమే యుండెడిది. ఉద్యోగవిరమణ జరిగి, పిల్లలిద్దరును దూరప్రదేశములలో స్థిరపడిన పిమ్మట ఆ భావము సడలినది. ఇల్లు అమ్మివేసి, పడకయు పొయ్యియు నీళ్లతొట్టియు అమర్చిన యొక మోటారు వ్యానును కొని, మిగిలిన జీవితమును దారిమీదనే గడిపిన నేమి యను ఆలోచన నన్ను పట్టుకొన్నది.

ఈ ఆలోచనకు బీజము అమెరికానుండి వచ్చినది. అక్కడ నున్న మా అమ్మాయి పంపిన ఛాయాచిత్రములలో బస్సువంటి వాహనమొకటి, దాని ప్రక్కన మడతకుర్చీలలో కూర్చుండి కాఫీ త్రాగుచున్న వృద్ధదంపతులు కనబడిరి. అట్టి వాహనమును అక్కడివారు ‘ఆర్.వి.’ అందురు. సెలవులకు మాత్రమే వాడువారు కొందరు. ఇల్లు వదలుకొని సంవత్సరమంతయు అందులోనే కాపురముండువారు మరికొందరు. ఆ చిత్రమును చూచి నేను ముచ్చటపడితిని. పిమ్మట విచారింపగా రెండవ ముఖము కనబడినది. 2008 నాటి ఆర్థిక సంక్షోభమునకు పిదప ఇండ్లును ఉద్యోగములును పోగొట్టుకొని, వయస్సు మళ్లిన దశలో వ్యానులలో తల దాచుకొనుచు, ఋతువునుబట్టి దొరకు కూలిపనులకై ఊరూరు తిరిగిన వారిని గురించి జెస్సికా బ్రూడర్ అను పాత్రికేయురాలు 2017లో ‘నోమాడ్‌లాండ్’ అను గ్రంథమును వ్రాసినది. దాని ఆధారముగా నిర్మింపబడిన చలనచిత్రమునకు 2021లో ఆస్కారు ఉత్తమ చిత్ర పురస్కారము లభించినది. వాహన మొక్కటియే, ఒకరికది విహారము, వేరొకరికది కడపటి ఆశ్రయము. కావున ఇల్లు విడుచుట మంచిదా చెడ్డదా యని అడుగుట చాలదు. ఎవడు విడుచుచున్నాడు, దేనికై విడుచుచున్నాడు, అతడు దించిన బరువును ఎవరు మోయుచున్నారు అని అడుగవలెను.

బరువును గురించిన పాఠమును మొదట సామానే నేర్పినది. చక్రములమీది ఇంటిలో ప్రతివస్తువునకును తూకము కలదు. లీటరు నీరు కిలో బరువు. ఇద్దరు మనుష్యులు పొదుపుగా వాడి దినమునకు 40 లీటర్లతో సరిపెట్టుకొన్నను, మూడు దినముల నీరే 120 కిలోలగును. గృహావసరమునకిచ్చు వంటగ్యాసు సిలిండరులో వాయువు 14.2 కిలోలు, ఇనుప బుడ్డి బరువు వేరు. ఈ లెక్కలు వేసికొని, నేనును నా సహధర్మచారిణియు ఇంటిలోని వస్తువులను మూడు కుప్పలుగా విడదీసితిమి. నిత్యము వాడునవి ఒకటి. ఏడాదికొకమారు వాడునవి ఒకటి. ఎన్నడును వాడనివి ఒకటి. మూడవ కుప్పయే అన్నిటికంటె పెద్దదైనది. పెండ్లిండ్లలో కానుకలుగా వచ్చి మూట విప్పని స్టీలు గిన్నెలు, తాళముచెవి పోయిన పెట్టెలోని చీరలు, ఆగిపోయిన గడియారములు, ఎవరికో ఇచ్చెదమని దాచి ఎవరికిని ఈయని దుప్పట్లు అందులో చేరినవి. చలికాలమున మా వీధి చివర గోనెపట్టా కప్పుకొని పండుకొను ముసలివానిని ఎన్ని యేండ్లు చూచితిమి! ఆ దుప్పట్లు అన్ని యేండ్లును మా పెట్టెలోనే యుండినవి. ఆనాడు నాకు కలిగిన సిగ్గును దాచుకొనుట న్యాయము కాదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను శరణదంపతుల కథ మన ఇండ్లలో ఎల్లరెరిగినదే. నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, దానితో దాసోహము నడుపుట వారి కాయకము. ఒకనాడు మారయ్య అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆ యిల్లాలు సంతసింపలేదు. అవసరమును మించిన దానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. పేదరాలైన లక్కమ్మకు మిగులు బియ్యము భారమని తెలిసినది. పింఛను తీసికొనుచున్న నాకు మిగులు దుప్పట్లు భారమని తెలియుటకు వ్యాను లెక్క కావలసివచ్చినది. ఇంటిని చిన్నది చేసికొనుటకు చక్రములు అక్కరలేదనియు, లక్కమ్మ కన్నులు చాలుననియు అప్పుడు గ్రహించితిని.

అంతలో రెండవ కుప్పవద్ద ఒక చిక్కు వచ్చినది. మా తాతగారి నాటి ఇత్తడి గంగాళమును నేను అమ్మవలసినవాటిలో చేర్చితిని. నా సహధర్మచారిణి దానిమీద చేయివేసి, “మనం దీన్ని వాడం గాని, ఈ వీధిలో జరిగిన ప్రతి పెళ్లికీ ఇది వెళ్లింది కదండీ. ఇది మన సామానా, వీధి సామానా?” అని అడిగినది. నా మూడు కుప్పలలోను దానికి చోటు లేదు. మన ఇంటిలోనుండి ఇతరులకు ఉపయోగపడు వస్తువులకు నాలుగవ కుప్ప యొకటి కావలసివచ్చినది. ఆ కుప్ప వేయసాగినకొలది అది పెరిగినది. పందిరిగుంజలు, పొడుగు నిచ్చెన, తిరుగలి, పెద్ద జంపకానా అందులో చేరినవి. తుదకు మా అరుగు కూడ ఆ కుప్పలోనిదే యని తేలినది. తోతాపురి మామిడికోతల దినములలో సరకుతో వచ్చి, ధర తేలువరకు కాచుకొనియుండు రైతులలో కొందరు ఆ అరుగుమీదనే నడుము వాల్చుదురు. పెరటి గదిలో నున్న వృద్ధవితంతువునకు వేరొక పంచ లేదు. ఇల్లు నా పేర దస్తావేజులో నున్నది. దాని నీడ మాత్రము చాలమంది పేర నున్నది.

ఇచ్చట మన సంప్రదాయమునందలి స్థావరజంగమ విచారమును తలచుకొనుట అవసరము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు నిలిచియున్న రాతికట్టడముకంటె చరించు చైతన్యమునకు పెద్దపీట వేసెను. ఇష్టలింగమును దేహముమీద ధరించిన భక్తునికి దేవాలయము వెంటనే నడచును. ఇంతకంటె తేలికయైన గృహము ప్రపంచమున మరియొకటి కలదా? అక్కమహాదేవి రాజగృహమును విడిచి శ్రీశైలమునకు నడచినది. కల్యాణమున కల్లోలము చెలరేగినప్పుడు శరణులు ఇండ్లువాకిండ్లు విడిచి ఉళవి మొదలగు చోట్లకు తరలిపోయిరనియు, వచనముల తాళపత్రములను మాత్రము కాపాడుకొనిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. అట్లయిన ఇల్లు అమ్మి వ్యానెక్కుటయే జంగమత్వమని నేను వాదింపవచ్చును గదా? కొన్నిదినములు అట్లే వాదించితిని.

ఆ వాదము నిలువలేదు. జంగముడు తిరుగుట తన సుఖమునకు కాదు. అతడు ఊరూరికి ఏదో యొకటి తీసికొనిపోవును: ఒక మాట, ఒక బోధ, ఒక ఓదార్పు. గృహస్థుడు అతనికి అన్నము పెట్టును. ఈ రెండు ధర్మములును ఒకదానినొకటి పట్టుకొని నిలిచియున్నవి. నేను వ్యానులో తీసికొనిపోవునది నా పరుపు, నా కాఫీపొడి. చక్రములు తిరిగినంతమాత్రమున మనిషి జంగముడు కాడు. గోడలు నిలిచినంతమాత్రమున స్థావరుడును కాడు. తన చుట్టు కంచె వేసికొని కదలువాడు కదలుచున్న స్థావరము. తలుపు తెరచి కూర్చున్నవాడు కూర్చున్న జంగమము.

పుట్టుకచేతనే ఇల్లు లేని వారిని గురించియు తలపవలెను. బుడగ జంగాలు మన వీధులలో పాడి పొట్టపోసికొన్నవారు. ఎరుకలవారు ఉప్పు, ధాన్యము గాడిదలమీద వేసికొని ఊరూరు తిరిగి అమ్మినవారు. తిరుగుచు బ్రతికెడి జాతులను ఆంగ్లప్రభుత్వము అనుమానముతో చూచినది. 1871లో నేరస్థజాతుల చట్టమును చేసినది. 1911 చట్టముతో దానిని మన మద్రాసు రాజధానికిని వర్తింపజేసినది. పలుతెగలవారు పోలీసులయెదుట హాజరు వేయించుకొనవలసివచ్చినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లో గాని ఆ చట్టము రద్దు కాలేదు. వారు చెట్టుక్రింద గుడారము వేసిన ‘ఎక్కడివారు, ఎప్పుడు పోవుదురు’ అని ఊరు అడిగినది. నేను అదే చెట్టుక్రింద వ్యాను నిలిపిన ‘ఎంత ధైర్యము, ఎంత స్వేచ్ఛ’ అని మెచ్చుకొనును. ఈ భేదమును చూడక, నా సంచారమును త్యాగమని పిలుచుకొనిన అది ఆత్మవంచన యగును.

వెనుకటివారు సుదీర్ఘయాత్రలు చేయలేదా యని అడుగవచ్చును. చేసిరి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, తిరుపతి, కడప మార్గమున కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల ఇల్లు చేరిరి. పరివారముతో, డేరాలతో, పల్లకీబోయీలతో పదునైదు నెలలకు పైగా దారిమీదనే కాపురముండిరి. వారి కాశీయాత్ర చరిత్రను చదువువారికి ఎచ్చట దిగుటకు వసతి కలదు, ఎచ్చట నీరు మంచిది, ఎచ్చట సరకులు దొరకును అను వివరములు అడుగడుగున కనబడును. అనగా కదలువాని ప్రయాణము నిలిచియున్న ఊళ్లమీదనే నడచినది. నేటి వ్యానుకును అంతియే. దానికి నీరిచ్చు ఊరు, చెత్త తీసికొను ఊరు, జబ్బు చేసిన చూచు వైద్యుడు నిలిచియే యుండవలెను. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము సాధారణ నివాసమునుబట్టి ఓటరు జాబితాలో చోటిచ్చును; ఇల్లు స్వంతమైనంతమాత్రమున అచ్చట నివసించుచున్నట్లు కాదని కూడ అదే చట్టము చెప్పుచున్నది. ఆ వాక్యము నన్ను రెండువైపులనుండియు కొట్టినది. తిరుగువాడు ఏ యూరికి చెందును? తలుపు మూసికొని కూర్చున్నవాడు మాత్రము ఏ యూరికి చెందును?

కావున ఇల్లు విడువ నెంచువాడు తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెనని నాకు తోచుచున్నది. మొదటిది: నేను వదలునది నా బరువా, నా బాధ్యతయా? రెండవది: నేను పోవు చోట నా కాయకమేమి? ఏమియు చేయక తినుచు తిరుగుట ఇంటిలోనైనను దారిలోనైనను ఒక్కటియే. మూడవది: నేను లేనప్పుడు నా ఇంటి నీడన నిలిచినవారు ఎక్కడ నిలుతురు? ఈ మూటికిని నిర్మలమైన సమాధానము చెప్పగలవాడు ఇల్లు అమ్మినను దోషము లేదు. వెనుక ఆధారపడినవారు లేనివాడు, చేతిలో విద్యయో వైద్యమో కలవాడు దారినే ఇల్లు చేసికొనినచో అతనికి నమస్కరింతును.

నేను చెప్పలేకపోతిని. అందుచేత మేము చేసిన ఏర్పాటిది. మూడవ కుప్పను పూర్తిగా పంచివేసితిమి. దుప్పట్లు ముందుగా పోయినవి. మొదటి కుప్పలో సగము తగ్గించి ఒక గదిలోనికి కాపురము కుదించితిమి. ముందరి రెండు గదులును రాత్రి చదువుకొను పిల్లలకు వదలితిమి. పెరటి గది, గంగాళము, అరుగు ఉన్నచోటనే యున్నవి. మేము లేనప్పుడు తాళముచెవి పెరటి గదిలోని ఆ అవ్వ చేతిలో నుండును. పెద్ద వ్యానును కొనలేదు. ఏడాదికి రెండుమూడు నెలలు చిన్న సంచులతో బయలుదేరి, మఠములలోను బంధువుల ఇండ్లలోను దిగి, పోయినచోట పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చుచున్నాము. తిన్నచోట పని చేయనిదే లేవము.

రాత్రి లారీల హోరు ఇప్పటికిని వినబడుచున్నది. అయితే ఆ దారి పరులదిగా తోచదు. ఈ అరుగు నాదిగానును తోచదు. విడువవలసినది ఇంటినో వస్తువులనో కాదనియు, ‘నాది’ అను పట్టును విడిచినవానికి ఇంటిలోనున్నను దారి దొరకుననియు, దారిలోనున్నను ఇల్లు దొరకుననియు మా గంగాళము మాకు నేర్పినది. ఈ పత్రికను చదువు గృహస్థులు ఒక్కనాడు తమ ఇంటిలో నాలుగు కుప్పలు వేసి చూతురుగాక. మూడవది తరిగి, నాలుగవది పెరుగుగాక. శరణు శరణార్థి.