ఇరవై నాలుగు సెకన్ల ఆట

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ పీచ్ పండ్ల బుట్టలు బిగించి రూపొందించిన బాస్కెట్‌బాల్, తిరుపతి కళాశాలల్లో ఆడి ఆఫీసు కొలువులో చేరిన యువకుణ్ణి చదువు ముగిసినా విడిచిపెట్టదు. పగలంతా ఫైళ్ల మీద వంగిన నడుము, సాయంత్రం 10 అడుగుల ఎత్తునున్న రింగు వైపు చూపు నిలిపినప్పుడే నిటారవుతుంది. బంతి చేజిక్కిన జట్టు 24 సెకన్లలోగా బుట్టకు గురిపెట్టి విసరాలన్న ‘షాట్ క్లాక్’ నియమం అమెరికా వృత్తి క్రీడాకారుల లీగులో 1954లో వచ్చింది. ఫ్రీ త్రో, అనగా ఎవరూ అడ్డురాకుండా గీత వద్ద నిలిచి వేసే బంతి; దానిని రెండుసార్లు నేలకు తట్టి, ఊపిరి బిగబట్టి, మణికట్టు వంచి వదిలే క్షణంలో రోజంతటి అలసట మరుగున పడుతుంది. ఈ ఆనందం పట్టాతోనే ముగిసిపోవడం అన్యాయం. కళాశాలల యాజమాన్యాలు సాయంత్రాలు మైదానాల గేట్లను పూర్వ విద్యార్థులకూ తెరిచి ఉంచాలి.