అరవైకి ఎలా కడతావు?

నర్సీపట్నం దాటి కొండల వైపు పోయే దారిలో ఒక ఊరు ఉందనుకోండి. ఆ ఊరి చెరువు తూము పాడైపోయింది. పెద్దలు రామకోవెల దగ్గర కూర్చుని మేస్త్రీలను పిలిపించారు. ఒకడు నూరు రూపాయలన్నాడు. ఇంకొకడు తొంభై అయిదన్నాడు. మూడోవాడు కాసేపు తూము చుట్టూ తిరిగి, రాళ్లు తట్టి చూసి, అరవైకి కట్టేస్తానన్నాడు.

పెద్దలు రెండుగా చీలిపోయారు. "అరవైకే కడతానంటే ఇంకా ఆలోచనేటి, తాంబూలం ఇచ్చెయ్యండి" అని కొందరు. "అరవైకి గోడ కూడా లేవదు, వీడు దొంగ, పంపించెయ్యండి" అని మిగిలినవాళ్లు. చివర కూర్చున్న ముసలమ్మ మాత్రం మేస్త్రీనే అడిగింది.

"ఏటి బాబూ, అరవైకి ఎలా కడతావు?"

"సున్నం బట్టీ నాదేనమ్మా. పాత తూము రాయి సగం మళ్లీ పనికొస్తాది. కోతలైపోనాయి గదా, నా ఎడ్లు ఖాళీగానే ఉన్నాయి. కూలోళ్లకి మాత్రం ఊళ్లో రేటే ఇస్తాను."

లెక్క కుదిరింది. పని ఇచ్చారు. తూము నిలిచింది.

ఊరు మాత్రం ముసలమ్మ ప్రశ్నను మరిచిపోయి, అరవైని గుర్తుపెట్టుకుంది. రెండేళ్లకు కొండ మీది ఊళ్ల నుంచి తమ సంతకు బాట వేయించాల్సి వచ్చింది. ఒకడు అందరికంటే సగానికి పాడాడు. ముసలమ్మ నోరు తెరవబోతే, "ఆ రోజు తక్కువోడికి ఇప్పించింది నువ్వే గదా, మళ్లీ ఇప్పుడేటమ్మా?" అన్నారు. ఆ ఆసామికి బట్టీ లేదు, ఎడ్లూ లేవు. ఉన్నదల్లా మునసబు అండ. కొండవాళ్లను దింపి రాళ్లు మోయించాడు. కూలి అడిగితే రేపు, మాపు అన్నాడు. బాట సగంలో ఉండగానే వాళ్లు వెళ్లిపోయారు. తర్వాతి సంతకు చింతపండు దిగలేదు, పసుపు దిగలేదు, అడ్డాకులు దిగలేదు. ఆ ఏడంతా దిగలేదు.

నీతి: తక్కువ పాటను ఎగబడి ఒప్పుకోనూ కూడదు, దొంగపాటని తోసెయ్యనూ కూడదు. ఆ తగ్గింపు ఎవరి దగ్గర్నుంచి వస్తోందో పని ఇవ్వకముందే అడగాలి.

ముసలమ్మ ప్రశ్నను యూరోపియన్ యూనియన్ చట్టంగానే రాసుకుంది. ప్రభుత్వ కొనుగోళ్లపై 2014లో తెచ్చిన ఆదేశంలో 69వ అధికరణ అదే. టెండరు ధర మరీ తక్కువగా కనిపిస్తే సంజాయిషీ అడిగి తీరాలి. అడక్కుండా తోసెయ్యడానికి లేదు. పని పద్ధతిలో ఆదా చూపించవచ్చు, సామాను చవగ్గా దొరుకుతోందని చూపించవచ్చు. కార్మిక చట్టాలనో పర్యావరణ చట్టాలనో మీరడం వల్ల ధర తగ్గిందని తేలితే మాత్రం ఆ టెండరును కొట్టెయ్యాల్సిందే. ఆంధ్రప్రదేశ్ పనుల టెండర్లలో పెట్టిన నియమం వేరు: అంచనా మీద 25 శాతానికి మించి తగ్గిస్తే, ఆ మించిన తేడాకు అదనపు పూచీకత్తు కట్టాలి. మంచిదే. అయితే పూచీకత్తు ఖజానా డబ్బును కాస్తుంది గానీ కూలివాడి డబ్బును కాయదు.

కథలో ఆ రెండో కాంట్రాక్టరు పూర్తిగా కల్పన కాదు. నర్సీపట్నం ఎగువన మన్యంలో, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు గిరిజనులను బలవంతంగా దింపి, కూలి సరిగా ఇవ్వలేదు. అడవి చట్టాలు, పోడు మీద ఆంక్షలు ఎలాగూ ఉన్నాయి. వాటికి ఈ రోడ్డు కూలి తోడైంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆ తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసులను, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. 1924 మే 7న కొయ్యూరులో రామరాజును కాల్చి చంపేదాకా ఆ బలగాల ఖర్చు, కూలి దగ్గర పిసినారితనం చూపిన ఆ సర్కారే భరించింది.