బొమ్మ కింద పేరు

ఒక చిత్రం ముందు నిలబడి మనం పొందిన ఆనందం, చిత్రకారుడి పేరు మారగానే అబద్ధమైపోతుందా? కళాభిమానుల కాలక్షేపపు ప్రశ్నలాగా కనబడుతుంది ఇది. కాని మనిషి శ్రమకు విలువ ఎక్కడినుంచి వస్తున్నదనే పాత ప్రశ్నే ఇందులో మరో రూపంలో ఉన్నది.

బెర్లిన్ చిత్రశాలలో 'బంగారు శిరస్త్రాణం ధరించిన మనిషి' అనే తైలవర్ణ చిత్రం ఉంది. వయసు మళ్లిన వాడి ముఖం నీడలో ఉంటుంది. తలమీది లోహం మాత్రం దగదగ మెరుస్తుంటుంది. రంగును దళసరిగా పూసి ఆ లోహపు బరువును కంటికి తెలియజేసిన నేర్పు సామాన్యమైనది కాదు. 1897లో అది రెంబ్రాంట్ చిత్రంగా బెర్లిన్ చేరింది. తరతరాలు దాన్ని రెంబ్రాంట్ ప్రతిభకు పరాకాష్ఠగా చూశాయి. 1985లో, పరిశోధన జరిపిన మీదట, అది రెంబ్రాంట్ చేతిపని కాదనీ, ఆయన పరివారంలో మరెవరిదోననీ ప్రకటించారు. ఆ మర్నాడు శిరస్త్రాణం మీది మెరుపు రవ్వంత కూడా తగ్గలేదు. తగ్గిందల్లా చూసేవాళ్ల భక్తి, సంతలో వెల.

దీనికి రెండు సులువైన సమాధానాలున్నాయి. పేరే విలువ అంటాడు వర్తకుడు. బొమ్మ బాగుంటే చాలు, పేరుతో పనేమిటి అంటాడు సౌందర్యవాది. మొదటి మాటను మనం తేలిగ్గానే తోసిపుచ్చుతాం. రెండోది ఉదారంగా వినిపిస్తుంది గనుక దాన్నే ఎక్కువ జాగ్రత్తగా పరీక్షించాలి.

మొదట వర్తకుడి సంగతి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో జోసెఫ్ డువీన్ అనే వర్తకుడు యూరపు ప్రభువుల గోడల మీది చిత్రాలను అమెరికా కోటీశ్వరులకు అమ్మేవాడు. ఇటలీ చిత్రాల్లో ఎవరి చేయి ఏదో చెప్పడానికి అప్పట్లో బెర్నార్డ్ బెరెన్సన్ పెద్ద దిక్కు. 1912లో వీళ్లిద్దరూ రహస్యంగా ఒప్పందం చేసుకున్నారు. లాభంలో పండితుడికి వాటా. వ్యాజ్యంలో వాటా ఉన్నవాడే తీర్పరి అయ్యాడన్నమాట. చివరికి 'గొర్రెల కాపరుల ఆరాధన' అనే చిత్రం దగ్గర పేచీ వచ్చింది. అది జార్జోనె చిత్రమనాలని డువీన్, టిషియన్ తొలినాటి పని అని బెరెన్సన్. 1937లో ఆ స్నేహం తెగింది. విచిత్రమేమంటే తర్వాత బెరెన్సనే మనసు మార్చుకున్నాడు. వాషింగ్టన్‌లో ఈనాడు ఆ చిత్రం కింద ఉన్నది జార్జోనె పేరే. దీన్నిబట్టి తేలేదేమిటి? పొరపాటు పడటం పండితుడికి నేరం కాదు. సరైన మాటే అయినా, దాన్ని లాభంలో వాటాకు తాకట్టుపెట్టి చెప్పడమే నేరం.

ఇక సౌందర్యవాది సంగతి. 17వ శతాబ్దపు హార్లెం పట్నంలో జూడిత్ లేస్టర్ అనే చిత్రకారిణి ఉండేది. 1633 నాటికి చిత్రకారుల సంఘంలో సభ్యురాలు. ఆమె ఇంటిపేరుకు ధ్రువతార అనే అర్థం ఉంది. అందుకని తన పొడి అక్షరాల పక్కన చిన్న నక్షత్రం వేసేది. చనిపోయిన తర్వాత ఆమెను లోకం మరిచింది. చిత్రాలు మాత్రం బతికాయి, ఫ్రాన్స్ హాల్స్ పేరుతో. ఇప్పుడు లూవ్ర్‌లో ఉన్న 1630 నాటి ఒక చిత్రాన్ని హాల్స్ చిత్రమని అమ్మారు. తర్వాత దొంగసంతకం కింద నక్షత్రం బయటపడింది. కొన్నవాళ్లు లండన్ కోర్టుకెక్కారు. వెల తగ్గించుకొని రాజీపడ్డారు. 1893లో హాఫ్‌స్టెడె డి గ్రోట్ అనే పండితుడు ఆమె చిత్రాలను ఒక్కొక్కటిగా గుర్తించి ప్రకటించాడు. ఆ కోర్టులో ఒక మనిషి దొరికిందని సంతోషించినవాళ్లు లేరు. ఇరుపక్షాలకూ అది నష్టం లెక్కే.

బొమ్మ బాగుంటే చాలుననే పెద్దమనిషిని అడుగుదాం: ఆమె చిత్రాలు రెండు శతాబ్దాలకు పైగా బాగానే ఉన్నాయి కదా, ఆమెకు ఒరిగిందేమిటి? పేరుతో పనిలేదనడం పేరున్నవాడికి చెల్లుతుంది. కష్టం ఒకరిది, కీర్తి ఇంకొకరిది అయిన చోట ఆ మాట దోపిడీకి కాపు కాస్తుంది.

కర్తృత్వ నిర్ణయానికి ఒక పద్ధతి కల్పించినవాడు జొవాన్ని మొరెల్లి. 1848 విప్లవంలో పాల్గొన్నవాడు, వైద్యశాస్త్రం చదివినవాడు. ముఖకవళికలు, భంగిమలు అందరూ అనుకరిస్తారు. చెవి తమ్మె, గోటి అంచు మాత్రం చిత్రకారుడు ఆలోచించకుండా చేతి అలవాటు కొద్దీ వేస్తాడు, అక్కడ చూడండి అన్నాడు. డ్రెస్డెన్‌లో పట్టికలో నకలుగా పడి ఉన్న 'నిద్రిస్తున్న వీనస్'ను జార్జోనె చిత్రంగా గుర్తించింది ఈయనే. మహత్వాన్ని భావంలో వెతికే కాలంలో, పనిచేసిన వేళ్ల అలవాటులో మనిషిని వెతకడం భౌతికవాద దృష్టి. నిజమే, శిష్యుడు గురువు చెవినీ నేర్చుకోగలడు. అందుకే ఈనాడు ఎక్స్‌రేలు, రంగుల పరీక్ష, చెక్కపలక మీది వార్షిక వలయాల లెక్క తోడయ్యాయి. వలయాలు ఆ చెట్టు ఏ ఏటికి ముందు కూలి ఉండదో చెబుతాయి. కుంచె పట్టిందెవరో చెప్పవు. శాస్త్రం అబద్ధాన్ని కొట్టివేస్తుంది. మిగిలినదాన్ని మనిషి తూచవలసిందే.

ఇక్కడ మన మిత్రులే ఒక ఆక్షేపణ చెబుతారు: కళ సామూహిక సృష్టి, వ్యక్తుల పేర్ల వెంట పడటం బూర్జువా వ్యామోహం అని. సగం నిజం. రెంబ్రాంట్ ఇంట శిష్యులు ఆయన తీరులోనే చిత్రించేవారు. 1935లో బ్రెడియస్ పట్టికలో 600కు పైగా చిత్రాలుండగా, 1968లో మొదలైన రెంబ్రాంట్ పరిశోధక బృందం వాటిలో ఎన్నింటినో తొలగించింది. 2014లో ఆ బృందానికే చెందిన వాన్ డె వెటెరింగ్ 70 చిత్రాలను తిరిగి చేర్చాడు. కంచు విగ్రహాల్లో ఇది మరింత స్పష్టం. జంబొలోన్యా నమూనా చేస్తే, పోతపోసి, ఉలితో సవరించి, మెరుగుపెట్టే పని ఆంటోనియో సుసీని వంటివాళ్లది. సేవ్ర్ పింగాణీ పళ్లేన్ని బోర్లిస్తే, మెలివేసుకున్న రెండు ఎల్ అక్షరాల రాజముద్రతోపాటు ఏడాదిని తెలిపే అక్షరం, పూలు వేసినవారి గుర్తు, బంగారుపూత పూసినవారి గుర్తు కనబడతాయి. భోజనానికి కూర్చున్న ప్రభువు చూసేది పైభాగం; పనివాడు ఉన్నది అడుగున.

సామూహికమని ఒక్కమాటలో తేల్చేస్తే ఈ చేతులన్నీ మళ్లీ చీకట్లోకి పోతాయి. సమూహమంటే పేర్లు లేని గుంపు కాదు గదా! ఎవరు నమూనా చేశారు, ఎవరు పోతపోశారు, ఎవరు మెరుగుపెట్టారు అని విడదీసి చెప్పినప్పుడే సమూహం నిజంగా కనబడుతుంది.

నకిలీ సంగతి కూడా ఈ వెలుగులోనే తేలుతుంది. 1937లో బ్రెడియస్ అంతటివాడు ఆకాశానికెత్తగా, రోటర్‌డామ్ మ్యూజియం వెర్మీర్ చిత్రమని కొన్న 'ఎమ్మాయు విందు' వాన్ మేగెరెన్ గీసిన నకిలీ. పాతబడినట్టు కనబడేందుకు రంగులో బేకలైట్ వంటి కృత్రిమ పదార్థం కలిపాడు. మరో నకిలీ వెర్మీర్ నాజీ నాయకుడు గోరింగ్ చేతికి చేరడంతో 1945లో అరెస్టయి, జాతి సొత్తును శత్రువుకు అమ్మాడన్న నేరం తప్పించుకోవడానికి తన మోసాన్ని తానే చెప్పుకున్నాడు. 1947లో ఏడాది శిక్ష పడింది, ఆ ఏడాదే చనిపోయాడు. పండితులను వెక్కిరించాడని అతన్ని వీరుణ్ణి చేసినవాళ్లున్నారు. కాని అతను చేసింది ఆ సంతలోనే ఇంకో వ్యాపారం. వెర్మీర్ తన కాలంలో వెలుతురుతో కుస్తీపట్టి సాధించినదాన్ని, ఆ కుస్తీ లేకుండానే అమ్ముకున్నాడు. శిష్యుడి పనిని గురువుకు అంటగట్టడం ఒక శ్రామికుణ్ణి మరుగుపరచడం. నకిలీ చరిత్రనే మరుగుపరుస్తుంది.

ఇదంతా దూరదేశపు గొడవ అనుకోవద్దు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరపు చిత్రాలు, కంచు బొమ్మలు, పింగాణీ గదులనిండా ఉన్నాయి. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్న బెంజోని 'ముసుగు రెబెకా' ముందు జనం గుమిగూడతారు. పేరు తెలియని పనివాళ్ల వస్తువుల ముందునుంచి నడిచిపోతారు. సాహిత్యంలో మన అలవాటూ అంతే. 'క్రీడాభిరామం' వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అని పండితులు వాదించుకున్నారు. ఆధారాలు తూచి వాదిస్తే మంచిదే. ఇంత మంచి కవిత్వం పెద్ద కవిదే అయి తీరాలనే నమ్మకం మాత్రం వాదం కాదు. అది కీర్తికి కీర్తిని కూడబెట్టే వడ్డీ వ్యాపారం.

కాబట్టి బొమ్మ కింద పేరు రాయడం నైతిక బాధ్యత. తెలిసినంత చెప్పాలి. తెలియనిచోట 'కర్త తెలియదు' అని నిర్భయంగా రాయాలి. అది ఆ పనికి అవమానం కాదు, మనం తీర్చవలసిన బాకీ అని గుర్తు. పేరు మారినప్పుడు అందం తగ్గిందని విచారించడం మాని, ఇన్నాళ్లూ మరొకరి నీడలో నిలబడిన మనిషి ఎవరని అడగాలి. ఆ శిరస్త్రాణం మీద అంత వెలుగు నిలిపిన చేయి ఎవరిదో బెర్లిన్ ఇంకా చెప్పవలసే ఉన్నది.