పెంపుడు ప్రాణులు – అహింసా వ్రతము

సింగపూరు నివాసులలో నూటికి 75 మందికి పైగా హెచ్.డి.బి. ఫ్లాట్లలో కాపురముండుచున్నారు. ఆ ఫ్లాట్లలో పిల్లిని పెంచుట 1989 నుండి నిషిద్ధమై యుండెను. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆ నిషేధము తొలగినది. ఇంటికి రెండు పిల్లుల వరకు పెంచుకొనవచ్చును. వానికి మైక్రోచిప్పు అమర్చి లైసెన్సు పొందవలెను; పై అంతస్తుల నుండి జారి పడకుండ కిటికీలకు వల బిగించవలెను. చాటుమాటుగా పిల్లిని సాకుచు, ఏ అధికారి వచ్చి తలుపు తట్టునోయని దిగులుపడుచుండిన గృహస్థులు హమ్మయ్య యనుకొనిరి.

చట్టము తీర్చినది చట్టపు చిక్కును మాత్రమే. మనవారి ఇండ్లలో ఇప్పుడు వేరొక చిక్కు వినవచ్చుచున్నది. ఈ తరపు పిల్లలు కొందరు మాంసము మానుటతో ఆగక పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పట్టుబట్ట, తోలుచెప్పు సైతము విడిచి వీగన్ వ్రతము పట్టుచున్నారు. వారిలోనే కొందరు కుక్కను గాని పిల్లిని గాని ప్రాణప్రదముగా చూచుకొందురు. ఇంటి పెద్దలు ఊరకుందురా? “పెరుగు ముట్టని దానవు, పిల్లికి మాత్రము చేపముక్క పెట్టుచున్నావేమే?” అని అడుగుదురు. ఎత్తిపొడుపుగా అడిగినను ఆ ప్రశ్న గట్టిది. నవ్వి ఊరకుండుట దానికి సమాధానము కాదు, కోపగించుకొనుటయు కాదు.

వీగన్ అను మాట 1944లో ఇంగ్లండులో పుట్టినది. డొనాల్డ్ వాట్సన్ అను ఆయన, మరికొందరు మిత్రులు కలిసి ఆ సంవత్సరము నవంబరులో వీగన్ సొసైటీని స్థాపించిరి. మాంసము మాని పాలు, గుడ్లు పుచ్చుకొను శాకాహారము వారికి చాలినట్లు తోచలేదు. ఆహారమునకే గాక వస్త్రములకు గాని, మరి యే ప్రయోజనమునకు గాని జంతువులను పీడించి వాడుకొనుటను సాధ్యమైనంత వరకు, ఆచరణలో కుదిరినంత వరకు మానవలెనని ఆ సంఘము చెప్పు లక్షణము. ఈ “సాధ్యమైనంత వరకు” అను మాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. దానితో ముందు పని యున్నది. క్షీరాభిషేకమును గూర్చి, పండుగనాటి పరమాన్నమును గూర్చి వీగనులకును పెద్దలకును జరుగు తగవు వేరు. అది ఇక్కడ తీరునది కాదు.

ఈ వ్రతము పట్టినవారిలో గట్టివాదులు పెంపకమునే తప్పు పట్టుదురు. అమెరికాలో న్యాయశాస్త్రాచార్యుడైన గ్యారీ ఫ్రాన్సియోన్ వాదము ఇట్టిది: చట్టము దృష్టిలో పెంపుడు జంతువు యజమానికి సొత్తు. దానిని కొనవచ్చును, అమ్మవచ్చును. ఎంత ముద్దుగా చూచుకొన్నను అది తినుట, తిరుగుట, జతకూడుట, తుదకు చచ్చుట కూడ ఒకని ఇష్టముపై ఆధారపడియుండును. అట్టి బ్రదుకునకై కొత్త ప్రాణులను పుట్టించుట తగదని ఆయన మతము. అయితే ఇప్పటికే పుట్టి దిక్కులేక యున్నవానిని చేరదీసి సాకవలెననియు ఆయనే చెప్పెను. ఆయన ఇంట అనాథలైన కుక్కలు పెరిగినవి.

తోటల నుండి వచ్చిన వంశములవారు ఈ వాదమును తేలికగా త్రోసివేయలేరు. మలయా తోటలకు పూర్వులు ఒప్పందపు కూలీలుగా వచ్చిరి. ఆ పద్ధతి 1910లో రద్దైనను కంగాణీల ద్వారా కూలీలను తెచ్చుట 1938 వరకు సాగినది. లైన్లలో గది ఇచ్చితిమి, బియ్యము ఇచ్చితిమి, జ్వరము వచ్చిన మందు ఇచ్చితిమి, ఇంకేమి కావలెనని తలచిన దొరలకు ఆ కాలమున కొదువ లేదు. తిండి పెట్టుట వేరు, తనవంటి ప్రాణిగా ఎంచుట వేరు అని ఆ లైన్లలో పుట్టి పెరిగినవారికి ఎవరును బోధింపనక్కరలేదు. కాబట్టి “దానికేమి లోటు, రాజభోగము అనుభవించుచున్నది” అని పెంపుడు కుక్కను చూపి అనునప్పుడు వారి నాలుక కొంచెము తడబడవలెను.

ఐనను పోలిక పూర్తిగా సరిపడదు. గడువు తీరిన కూలీకి తిరిగి పోవుటకు ఒక ఊరు ఉండెను, చేరగలిగినను చేరలేకపోయినను. పన్నెండవ అంతస్తులోని పిల్లికి తలుపు తీసినచో ఎక్కడికి పోవును? వేల యేండ్లుగా మనుష్యుని చెంతనే మలచబడిన జాతి అది. దానిని వీధిలో విడుచుట స్వేచ్ఛ కాదు, ద్రోహము. సింగపూరు చట్టము ప్రకారము నేరము కూడ. వెసాక్ దినములలో పుణ్యము కలుగునని తాబేళ్లను, పక్షులను, చేపలను ఉద్యానములలోను జలాశయములలోను విడుచువారు కలరు. అది వలదని నేషనల్ పార్క్స్ బోర్డు ‘ఆపరేషన్ నో రిలీజ్’ పేరిట ప్రచారము చేయుచున్నది. తొట్టిలో పెరిగిన ప్రాణి కూడు వెదకుకొనలేక చచ్చును; చావక నిలిచినచో అక్కడి ప్రాణుల కూడు లాగుకొనును. కెనడావారైన స్యూ డొనాల్డ్‌సన్, విల్ కిమ్లికా 2011లో ప్రకటించిన ‘జూపొలిస్’ అను గ్రంథములో, సాధుజంతువులను సొత్తుగా గాక సమాజములోని పౌరులుగా ఎంచవలెనని వ్రాసిరి. పౌరులనుట కొంత అతిగా తోచవచ్చును. తెలుగిండ్లలో ముసలి ఆవును చూపి “అది మా ఇంటి మనిషి” అను మాట ఎప్పటినుండియో కలదు. ఆ మాటకును పౌరుడను మాటకును దూరము అంత ఎక్కువ కాదు.

అందుచేత మొదట అడుగవలసినది, ప్రాణి ఇంట ఉండవచ్చునా అని కాదు. అది ఇంటికి ఏ దారిని వచ్చినది అని. మహాప్రస్థానిక పర్వమున, తిక్కన తెనిగించిన భాగములోనిదే, ధర్మరాజు వెంట ఒక కుక్క నడచెను. తమ్ములు, ద్రౌపది ఒకరి తరువాత ఒకరు పడిపోయినను అది వెంట విడువలేదు. కుక్కకు స్వర్గమున చోటు లేదని ఇంద్రుడు చెప్పగా, నమ్మి వచ్చినదానిని విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు నిలిచెను. ఈ కథను అందరు చెప్పుకొందురు గాని ఒక చిన్న సంగతిని విడుచుదురు. ఆ కుక్కను ధర్మరాజు కొనలేదు. జాతి చూచి ఎన్నుకొనలేదు. అది తనంత వెంట వచ్చినది. ఆయన విడువలేదు, అంతే.

దుకాణములో కొన్న కుక్కపిల్ల సంగతి ఇట్లు కాదు. ఒకదానిని కొన్నచో దాని స్థానమున మరియొకదానిని పుట్టింతురు. ముక్కు నొక్కుకొనిపోయి ఊపిరాడని పగ్, బుల్‌డాగ్ వంటి జాతులను చూడుడు. మనుష్యుని కంటికి ముద్దుగా నుండుటకై ఆ ముఖమును తరతరములుగా అట్లు దిద్దిరి. వీగన్ వ్రతము పట్టినవాడు దీనికి వెల చెల్లించినచో వ్రతము చెడినట్లే; ఇందులో సందేహమునకు చోటు లేదు. హెచ్.డి.బి. ఫ్లాటులో ఒక కుక్కను పెంచవచ్చును, అదియు అనుమతించిన చిన్న జాతులలోనిదై యుండవలెను. జాబితాకెక్కని వీథికుక్కలకు, సింగపూరు స్పెషల్ అని ముద్దుపేరు గలవానికి, 2012లో ఆరంభమైన ప్రాజెక్ట్ అడోర్ ద్వారా ఫ్లాట్లలో చోటు దొరకుచున్నది. వ్రతస్థునికి తగిన దారి ఇది.

పాటకై పెంచు పక్షుల మాట వచ్చినచో తీర్పు ఇంకను సులభము. గడ్డిరంగు తల గల పిగిలిపిట్ట యొకటి, గొంతు మధురమైనందుననే, పంజరముల వర్తకుల చేత పట్టుబడి థాయిలాండులోను జావాలోను అడవుల నుండి తుడిచిపెట్టుకొనిపోయినది. సింగపూరులో, ముఖ్యముగా పులావ్ ఉబిన్ ద్వీపమున, ఇంకను మిగిలియున్నది. పాట వినవలెనన్నచో పడవ యెక్కి అచ్చటికి పోవచ్చును.

ఇక పెద్దలు అడిగిన చేపముక్క. అసలు చిక్కు ఇదియే.

కుక్క కథ కొంత సుఖము. మనుష్యుని ఇంట మెదుకులు తినితిని దాని శరీరము పిండిపదార్థములను అరిగించుకొన నేర్చినదని 2013లో వెలువడిన జన్యుపరిశోధన తెలిపినది. పోషకములు సరిచూచి కూర్చిన శాకాహారము కుక్కకు పెట్టుటపై తమకుండిన వ్యతిరేకతను బ్రిటిష్ పశువైద్య సంఘము 2024లో విరమించుకొన్నది. అనగా పప్పన్నము కలిపి పెట్టినచో చాలునని కాదు. లెక్క ప్రకారము తయారైన ఆహారమని. కుందేలునకు గినీపందికి చిక్కే లేదు. అవి ఎండుగడ్డి, ఆకుకూరలు తిని వీగనుల కంటె గట్టి వీగనులై యుండును. పిల్లి అట్లు కాదు. అది పుట్టుకచేతనే మాంసాహారి. టౌరిన్ అను పదార్థము దానికి చాలినంత ఆహారమునుండియే రావలెను. అది కొరవడినచో చూపు పోవును, గుండె కండరము సడలిపోవును. గుండెజబ్బునకు ఈ కొరతయే కారణము కాగలదని 1987లో తేలినది. క్యారెట్టులోని రంగుపదార్థమును విటమిన్ ఎ గా మార్చుకొను శక్తియు పిల్లికి లేదు. కృత్రిమముగా చేసిన టౌరిన్ కలిపి శాకాహారపు పిల్లిమేత చేయువారు ఉన్నారు. దానితో ఆరోగ్యముగా నున్నవని కొందరు యజమానులు చెప్పుదురు. వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. మగపిల్లులకు మూత్రమార్గమున రాళ్లు కట్టు భయము ఒకటి కలదు.

కపటపు వ్రతమునకు మన శాస్త్రములలో బైడాలవ్రతమని పేరు. బిడాలమనగా పిల్లి. తపస్సు చేయుచున్నట్లు నటించి ఎలుకలను మ్రింగిన పిల్లి కథ భారతములోనిదే. పాపము, ఆ నింద పిల్లికి చిరకాలముగా అంటియున్నది. పిల్లి చేత పెరుగన్నపు వ్రతము పట్టించి దాని కన్నులు పోగొట్టినచో మాత్రము ఈసారి కపటము పిల్లిది కాదు. వ్రతము పట్టినది మనుష్యుడు. దాని కష్టము కూడ అతనిదే కావలెను.

శిబి చక్రవర్తి కథ అందరెరిగినదే. డేగ తరిమిన పావురము రాజును శరణుజొచ్చెను. పావురమును కాచితివి, బాగే, ఆకలిగొన్న నా గతి యేమని డేగ అడిగెను. భారతమున ఈ కథ వచ్చు ఒకచోట, రాజు మొదట ఎద్దునో, పందినో, జింకనో, దున్ననో వండించి ఇచ్చెదననును. డేగ ఒప్పుకొనదు. అప్పుడు గాని తన మాంసము కోసి త్రాసులో వేయుట జరుగదు. సీమడబ్బాలో చేపను కొని పిల్లికి పెట్టు వీగన్, శిబి మొదట అన్న మాట దగ్గర నిలిచియున్నాడు. ఒక ప్రాణిని కాచుటకు వేరొక ప్రాణిని చెల్లించుచున్నాడు. ఆ మేత మనుష్యులు తినక మిగిల్చిన భాగములతో చేయుదురు గనుక దోషము లేదని కొందరందురు. కాని మిగిలిన భాగమునకును వెల కలదు. ఆ వెల చేరునది కబేళాకే.

అట్లని తొడ కోసి ఇమ్మని ఎవరును అనరు. “సాధ్యమైనంత వరకు” అను మాట ఇక్కడ అక్కరకు వచ్చును, సాకుగా కాక కొలతగా. తనంత తాను కోరి ప్రాణిని తెచ్చుకొనువాడు పిల్లిని ఎన్నుకొనరాదు. కుందేలును ఎన్నుకొనవచ్చును, లేదా దిక్కులేని కుక్కను. విడిచిపెట్టిన పిల్లిపిల్ల ఫ్లాటు క్రింది వాయిడ్ డెక్‌లో అరచుచుండగా తెచ్చుకొన్నచో, వైద్యుడు చెప్పిన మేతయే పెట్టవలెను. రెండింటికి అనుమతి యున్నను ఒకదానితో ఆగవలెను. గర్భనిరోధ శస్త్రచికిత్స చేయించవలెను. దాని సంతానపు హక్కును హరించుట కాదా యన్నచో, హరించుటయే. పుట్టబోవు ఆరు పిల్లలకు ఆరు జన్మల చేపలు ఎక్కడనుండి తెత్తురు?

ప్రేమ విషయమున భాగవతము ఒక హెచ్చరిక చేయుచున్నది. రాజ్యము విడిచి గండకీతీరమున తపస్సు చేయుచున్న భరతుడు, తల్లి చనిపోయి నీటిలో పడిన లేడిపిల్లను తీసి పెంచెను. అంతవరకు దయయే. పిమ్మట దానిని గూర్చియే తలపు, దానిని గూర్చియే బెంగ; తపస్సు సాగలేదు. దానినే తలచుచు ప్రాణము విడిచి జింకయై పుట్టెను. ఈ కథను చూపి జంతువులను చేరదీయవలదని చెప్పువారు కథ చదువలేదు. నీటిలో నుండి తీసినందుకు భరతుని ఎవరును నిందింపలేదు. నా లేడి, నా లేడి యనుకొన్నందుకే ఆ జన్మ వచ్చినది.

పెద్దల ప్రశ్నకు ఆ అమ్మాయి ఇట్లు చెప్పవచ్చును: వ్రతము నాది, పిల్లిది కాదు; దానికి వేరు దిక్కు లేదు; ఇంకొకదానిని కొని తేను. చేపను గూర్చి అడిగినచో ఆమెయొద్ద సమాధానము లేదు, లేదనియే చెప్పవలెను. ఇంటిలోని పిల్లి పదునైదు ఏండ్లు బ్రదుకవచ్చును. ఆ చేపల లెక్క ఆమె పేరనే యుండును.